పళ్ళెం తిప్పిన చెయ్యి

మా సంఘంలో కొత్త సంవత్సరం తొలి ఉదయం ఆరాధన అయిపోగానే వాగ్దానాల పళ్ళెం తిరుగుతుంది. పెద్ద స్టీలు పళ్ళెంలో చిన్న చిన్న కార్డులు బోర్లించి, పైన తెల్లటి చేతిరుమాలు కప్పి, వరుస వరుసకూ తెస్తారు. ఒక్కొక్కరూ కళ్ళు మూసుకుని, రుమాలు కిందికి చెయ్యి పోనిచ్చి ఒక కార్డు తీసుకుంటారు. దాని మీద ఒక వచనం ఉంటుంది. ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషికిచ్చిన మాట అదే. కొందరు దాన్ని గోడకు అంటిస్తారు, కొందరు బియ్యం డబ్బాలో పెడతారు. జ్వరమొచ్చినా, మిరప తోటకు తెగులొచ్చినా, కోర్టు వాయిదాకు పోవాల్సి వచ్చినా ముందు ఆ కార్డు తీసి చదువుకుంటారు. వేళాకోళానికి కూడా దాన్ని ఎవరూ తేలిక చేసి మాట్లాడరు.

మామూలుగా గుంటూరు నుంచి అచ్చు కార్డులు వచ్చేవి. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు, ఎన్నికల జీపులు మైకులు పెట్టుకుని కారంపూడి చుట్టుపక్కల రోడ్లన్నీ దుమ్ము రేపుతున్న చలికాలంలో, అవి రాలేదు. తేవలసిన పాస్టరు అయ్యగారు పచ్చకామెర్లతో మంచం పట్టారు. డిసెంబరు మూడో వారంలో ఆయన భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే మనిషి, మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంది.

"టీచరమ్మా, మీ పెద్దమ్మాయి రాత అచ్చుకన్నా బాగుంటది గదా. ఓ నూటయాభై కార్డులు రాసి పెట్టమనండి."

"దాన్నే అడగండి," అంది అమ్మ.

"దాన్నడిగితే తలకాయ ఊపుద్ది. ఆ ఊపటం అవునో కాదో నాకు తెలిసి చావదు."

నేను తల ఊపాను. ఇద్దరూ నవ్వారు.

నలుగురిలో నోరు తెరవలేని పిల్లను నేను. వీధిలో నన్ను "మాస్టారి మూగపిల్ల" అనేవాళ్ళు. ఇంటర్ పాసయ్యాక ఇంట్లోనే ఉన్నాను. గుంటూరు హాస్టల్లో ఉండి చదువుకోమంటే భయపడి వద్దన్నాను. మా ఊరి శాఖా గ్రంథాలయంలో రెండు బీరువాల పుస్తకాలు రెండేసి సార్లు చదివేసి, మిగిలిన మాటలన్నీ డైరీలో రాసుకునేదాన్ని.

ఆ నెలలో మా ఇంట్లో ఒకే సంగతి నలుగుతూ ఉండేది. మా నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయనకు జాంబియా దేశంలో ఒక ప్రభుత్వ పాఠశాలలో మూడేళ్ళకు ఉద్యోగం ఇస్తామని కాగితం వచ్చింది. కుటుంబాన్ని కూడా తీసుకెళ్ళవచ్చు, ఉండటానికి ఇల్లిస్తారు. నాన్న ఆ కాగితాన్ని రోజుకు రెండుసార్లు చదివేవాడు. స్కూలుకు ఆనుకుని పెద్ద లైబ్రరీ ఉందని అందులో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం నాకు కంఠతా వచ్చేసింది. నన్ను మూగపిల్ల అనే వాళ్ళు ఒక్కరూ లేని ఊరు, దాని పక్కనే పుస్తకాలున్న పెద్ద గది. రాత్రీ పగలూ నాకు ఇంకో ఆలోచన లేదు.

అమ్మ మాత్రం కదలనంది. అమ్మ కాలువ అవతల పల్లెలో సమితి స్కూలు టీచరు. రోజూ ఉదయం సాగరు కాలువ కట్ట మీద రెండు మైళ్ళు నడిచి పోయేది. పదహారేళ్ళుగా ఆ పల్లెలో పలక పట్టిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ అమ్మే అక్షరాలు దిద్దించింది. దారిలో మిరప కోతకు వెళ్ళే ఆడవాళ్ళు ఆగి, తమకొచ్చిన ఉత్తరాలు అమ్మ చేత చదివించుకునేవాళ్ళు. విదేశం పోవాలంటే ఆ ఉద్యోగానికి రాజీనామా ఇవ్వాలి. మూడేళ్ళ సెలవు దొరకదని నాన్న నరసరావుపేట వెళ్ళి కనుక్కుని వచ్చాడు.

"నేను ఆడ చచ్చిపోతే నన్నెవరు తీసుకొస్తారండీ?" అంది అమ్మ ఒకనాడు, జొన్నరొట్టె తడుతూ. "మా అమ్మ మట్టి ఈడుంది. నా మట్టి ఈడనే ఉండాలి."

"మూడేళ్ళకే చచ్చిపోతావా ఏంది?" అన్నాడు నాన్న.

"చావు మీ కాంట్రాక్టు కాగితం చదువుకుని వస్తదా?"

నాన్న నవ్వలేదు. మర్నాడు మళ్ళీ అదే మాట ఎత్తాడు, ఆ మర్నాడూ ఎత్తాడు. చివరికి అమ్మ విసిగిపోయి పీట మీంచి లేచి నిలబడి చెప్పింది. "జనవరి ఒకటిన కార్డు తీస్తా గదా. పో అంటే పోదాం. ఉండమంటే ఉందాం. ఆయన ఏం చెప్తే అది. అప్పటిదాకా ఈ మాట నా కాడ ఎత్తబాకండి."

నాన్న ఒప్పుకున్నాడు. అప్పుడు నేను వసారాలో కూర్చుని అట్టలు కత్తిరిస్తున్నాను.

పాత పెళ్ళి పత్రికల వెనకవైపు, పాత క్యాలెండర్ల వెనకవైపు, ఎక్కడ తెలుపు దొరికితే అక్కడ కత్తిరించి కార్డులు చేశాను. అమ్మగారు ఇచ్చిన జాబితాలో వంద పైగా వచనాలున్నాయి. నల్లసిరాతో వచనం, ఎర్రసిరాతో అధ్యాయం అంకె. అరవయ్యో డెబ్బయ్యో రాశాక ఒక వచనం దగ్గర నా చెయ్యి ఆగింది. ఇల్లు విడిచి పరాయి దేశం పోతూ, దారిలో రాయిని తలగడ చేసుకుని పడుకున్న ఒక మనిషికి దేవుడు కలలో ఇచ్చిన మాట అది. నువ్వు పోయే ప్రతి చోటా నీకు కాపుంటాను, మళ్ళీ ఈ దేశానికే నిన్ను తీసుకొస్తాను అని.

అమ్మ భయం ఏమిటో నాకు తెలుసు. ఆ భయానికి సరిగ్గా అతికే మాట అది. మొదట ఒకటే రాశాను. తర్వాత ఇంకొకటి. అలా తొమ్మిది రాశాను. రాస్తున్నంతసేపూ నాకు నేను చెప్పుకున్నది ఒకటే: దేవుడు చెప్పదలుచుకున్నది ఇదే అయితే నేను తప్పేమీ చెయ్యడం లేదు, అది కాకపోతే అమ్మ చేతిని ఆయనే పక్కకు తిప్పుతాడు. డైరీలో కూడా అలాగే రాశాను. డైరీకి కూడా నిజం చెప్పని రోజు నా జీవితంలో అదే మొదటిది.

ఆ ఉదయం చలికి ఆడవాళ్ళంతా కొంగులు తల మీద కప్పుకుని చాపల మీద దగ్గరగా కూర్చున్నారు. అయ్యగారు లేచి తిరగగలుగుతున్నారు గానీ కుర్చీలో కూర్చునే ప్రార్థన చేశారు. రాసింది నేనే గనక ఆడవాళ్ళ వైపు పళ్ళెం నన్నే పట్టుకోమంది అమ్మగారు. నా తొమ్మిది కార్డులూ పళ్ళెంలో ఒక పక్కకు చేర్చి, ఆ పక్క నా పొట్టకు ఆనించి పట్టుకున్నాను. రెండు వరుసలు అలాగే నడిచాను. అమ్మ దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం సగం చుట్టు తిప్పాను. అంతే. అంత చిన్న పని అది.

అమ్మ కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. రుమాలు కిందికి చెయ్యి పోనిచ్చింది. ఒక కార్డు తీసుకుని, వెంటనే చూడకుండా గుండెకు ఆనించుకుంది. ఆ తర్వాత చదివింది. మళ్ళీ చదివింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా మగవాళ్ళ వైపున్న నాన్న కోసం వెతుక్కుంది.

నేను పళ్ళెం వెనక్కి తిప్పడం మర్చిపోయి ముందుకు నడిచాను. అమ్మ పక్కన కూర్చున్న ముసలామె, మా వెనకింటి అవ్వ, తన కార్డు పక్కావిడ చేత చదివించుకుంది.

"నువ్వు యాడికి పోతే ఆడికి వస్తాడంట అవ్వా."

"నేను యాడికి పోతా తల్లీ? పొయ్యి కాడ నుంచి గొడ్ల సావిడికి పోతా. ఆడికీ వస్తాడా?"

"వస్తాడంట. మళ్ళీ తీసుకొస్తాడంట కూడా."

చుట్టూ ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. అమ్మ ఆ నవ్వు వినలేదు. తనకొచ్చిన మాట పక్క మనిషికి కూడా వచ్చిందని గమనించలేదు. చివరి వరుస చేరేసరికి పళ్ళెం రెండు చేతులతో పట్టుకున్నా ఒరిగిపోతోంది. "చలికి వణుకుతోంది బిడ్డ," అంది ఎవరో.

అమ్మ ఇచ్చిన మాట ప్రకారం ఆ వారంలోనే రాజీనామా రాసింది. ఆ కాగితాన్ని కూడా నన్నే చక్కగా తిరగరాయమంది. రాశాను. ఎండాకాలం చివర మేం నలుగురం, అమ్మా నాన్నా నేనూ ఎనిమిదేళ్ళ చెల్లీ, గుంటూరు బస్సెక్కాం. అమ్మ పల్లె నుంచి పిల్లలు కాలువ కట్ట మీద పరిగెత్తుకుంటూ వచ్చారు. అమ్మ వాళ్ళను చూసి కూడా ఏడవలేదు. "వస్తానురా. మళ్ళీ తీసుకొస్తానని చెప్పాడు," అంది. కార్డు తన పరిశుద్ధ గ్రంథం అట్ట లోపల పెట్టి దారంతో కుట్టుకుంది.

ఆ దేశం గురించి చెప్పడానికి నాకు మంచి మాటలే ఉన్నాయి. ఎర్రమట్టి, ఎత్తైన గడ్డి, బిడ్డల్ని వీపుకు కట్టుకుని నడిచే ఆడవాళ్ళు, మేం ఎదురైతే ఆగి చప్పట్లు తట్టి పలకరించే ముసలివాళ్ళు. లైబ్రరీ కూడా ఆ ఉద్యోగం కాగితంలో చెప్పినట్టే ఉంది. కిటికీ పక్కన ఒక కుర్చీ దాదాపు నాదైపోయింది. నాకు కావలసింది నాకు దొరికింది.

అమ్మకు ఇంగ్లీషు రాదు. నలభై మంది పిల్లలకు ఒక్క గొంతుతో పాఠం చెప్పిన మనిషి, సంతలో టమాటాలు వేలితో చూపించి కొనుక్కునేది. పగలు నాన్నా చెల్లీ బడికి పోతే, నేను లైబ్రరీకి పోతే, ఇంట్లో ఒక్కతే. ఒకరోజు నేను త్వరగా వచ్చేసరికి వెనకవైపు మెట్ల మీద కూర్చుని రెండో ఎక్కం పైకి చెబుతోంది. ఎదురుగా ఎవరూ లేరు. నన్ను చూసి, "నోరు తుప్పు పడతదని," అంది నవ్వుతూ. ఆ రోజు తెచ్చుకున్న పుస్తకం నేను తెరవలేదు. మర్నాడు తెరిచాను. అదే నాకు ఇప్పటికీ సిగ్గు. ఒక్కరోజు ఆగగలిగాను, అంతకుమించి కాదు.

ఎంత దిగులుగా ఉన్నా అమ్మ ఉదయం లేవగానే ఆ అట్ట తడుముకునేది. "పంపినాయన ఊరికే పంపడు," అనేది. ఆ మాట అన్నప్పుడల్లా నేను ఏదో పనున్నట్టు లేచి అవతలికి వెళ్ళేదాన్ని. చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. చెబితే ఆమె పట్టుకున్న ఒక్క ఆధారం నేనే లాగేసినట్టవుతుంది. చెప్పకపోతే రోజూ మోసం చేస్తున్నట్టే. పిరికిదానికి ఏది సులువో అదే చేశాను.

రెండో ఏడు వానల్లో చెల్లికి మలేరియా వచ్చి తలకెక్కింది. ముప్పై మైళ్ళ దూరంలో మిషను ఆసుపత్రిలో చేర్చాం. రెండు రోజులు కళ్ళు తెరవలేదు. మూడో రోజు మధ్యాహ్నం నాన్న మందు కోసం ఇంకో ఊరు వెళ్ళాడు. వార్డులో మంచం పక్కన అమ్మా నేనూ. అమ్మ అట్ట కుట్టు విప్పి కార్డు తీసి, చెల్లి అరచేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూసి పట్టుకుంది.

"తీసుకొస్తానన్నావు. నువ్వే అన్నావు. నేనడగలా. నలుగురం వచ్చాం, నలుగుర్నీ తీసుకుపో," అంటోంది, ఎదురుగా కూర్చున్న మనిషితో వాదించినట్టు.

చిన్నప్పుడు ఆదివారం బడిలో ఒక కథ చెప్పేవారు. ఒక మనిషి దొంగిలించిన వస్తువును తన గుడారంలో నేల కింద దాచుకుంటాడు. దానివల్ల తప్పు చెయ్యని వాళ్ళంతా ఓడిపోతారు, చచ్చిపోతారు. అలా దాచిన మనిషిని నేనే అనిపించింది. నేను నోరు తెరవకపోతే చెల్లి చచ్చిపోతుందనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే దేవుడు అలా లెక్క తీర్చుకుంటాడని నేను నమ్మను. ఆ రోజు నమ్మాను.

"అమ్మా, ఆ కార్డు నీకు రాలేదు."

"ఏంది?"

"నేనే వచ్చేట్టు చేశాను. అదే వచనం తొమ్మిది కార్డుల మీద రాశాను. నీ దగ్గరికి వచ్చినప్పుడు ఆ వైపు నీకు తిప్పాను. నాకు ఈ దేశం రావాలని ఉండి చేశాను."

అమ్మ నా మొహం చూడలేదు. లేచి, గిన్నెలో గుడ్డ తడిపి పిండి, చెల్లి నుదుటి మీద వేసింది. మళ్ళీ తీసి తడిపి వేసింది. మూడోసారి తడుపుతూ అడిగింది.

"మిగతా వాటిల్లో ఏముంది?"

"ఏవేవో. వందకు పైగా ఉన్నాయి."

"నా చేతికి రావాల్సింది ఏదో మరి."

తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. వాటికి సిద్ధపడ్డాను గానీ ఆ ప్రశ్నకు సిద్ధపడలేదు. ఆ ఉదయం దేవుడు మా అమ్మతో ఏం చెప్పబోయాడో ఇక ఎవరికీ తెలియదు. ఉండిపొమ్మని ఉండవచ్చు. పొమ్మనే ఉండవచ్చు. ఆ మాటకు అడ్డంగా నేను చెయ్యి పెట్టాను.

అమ్మ చెల్లి గుప్పిటలోంచి కార్డు తీసి నా వైపు చాచింది. "ఇంద. నువ్వు ఏరుకున్నదిగా. నువ్వే పట్టుకో."

"మరి నువ్వో?"

"నాకేం మాటివ్వలా గదా ఆయన. అయినా అడుగుతా. మాటిస్తేనే అడగాలని ఎవరన్నారు?"

ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఈసారి వాదించలేదు. పెదాలు కూడా కదపలేదు. మంచానికి ఇవతల నేను, నా చేత్తో నేను రాసిన అక్షరాలు పట్టుకుని కూర్చున్నాను. అది నిజంగా దేవుడి మాటేనని అంతకుముందు నేను ఒక్కసారి కూడా నమ్మలేదని అప్పుడు తెలిసింది. అమ్మను నమ్మించడానికి వాడాను, అంతే. ఆ మధ్యాహ్నం నాకు మొట్టమొదటిసారి దాన్ని నమ్మాల్సిన అవసరం వచ్చింది. నమ్మడం చేతకాలేదు. చేతకాక ఏడ్చాను. ఏడుస్తూ అడిగాను.

చెల్లి ఆ మర్నాడు కళ్ళు తెరిచి, చింతపండు చారు కావాలంది. ఎవరి ప్రార్థన విన్నాడో నాకు తెలియదు. ఆ సంగతి అమ్మా నేనూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అమ్మ నాన్నకు ఏమీ చెప్పలేదు, నామీద కోపమూ చూపలేదు. కానీ ఆ తర్వాత నేను ఏది చెప్పినా, పాలు పొంగాయని చెప్పినా, ఒక్క క్షణం ఆగి "అవునా?" అంటుంది. ఆ క్షణం వేరేవాళ్ళకు కనపడదు.

మూడేళ్ళు గడిచాక నలుగురం తిరిగి వచ్చాం. కాలువ అదే, కట్ట అదే. అమ్మ ఉద్యోగంలో ఇంకొకరు చేరి రెండేళ్ళయింది. మళ్ళీ తీసుకోవడానికి వయసు దాటిందని ఆఫీసులో చెప్పారు. నాన్న మాత్రం కనపడిన ప్రతి మనిషికీ కార్డు కథ చెప్పేవాడు. "పోయే ప్రతి చోటా కాపుంటానన్నాడు, ఉన్నాడు. తీసుకొస్తానన్నాడు, తెచ్చాడు." ఆయన మొహంలో ఆ సంతోషం చూడలేక నేను లోపలికి పోయేదాన్ని.

మొదటి ఆదివారం సాక్ష్యాల వేళ అయ్యగారు అమ్మను లేవమన్నారు. నేను అమ్మ పక్కనే కూర్చున్నాను. అమ్మ లేచి కొంగు సర్దుకుంది.

"నలుగురం వెళ్ళాం. నలుగురం వచ్చాం. చిన్నదానికి జ్వరమొస్తే బతికించాడు. ఆయనకు స్తోత్రం."

"ఆ వాగ్దానం కార్డు సంగతి కూడా చెప్పండి టీచరమ్మా. పిల్లలు వింటారు," అన్నారు అయ్యగారు.

అమ్మ చేతిలోని గ్రంథం అట్ట ఒకసారి తడిమింది.

"అది నా కాడ లేదండీ అయ్యగారూ," అని కూర్చుంది.

ఆ మాటకు నాన్న మగవాళ్ళ వైపు నుంచి తనే లేచి, కథంతా మొదటి నుంచీ చెప్పాడు. వెనకింటి అవ్వ గోడకు ఆనుకునే, "నాకూ అదే వచ్చింది మాస్టారూ. నేను మాత్రం గొడ్ల సావిడి దాటి పోలా," అంది. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. అమ్మ నవ్వలేదు, నా వైపు చూడనూ లేదు.

ఇంటికి పోయే దారిలో నాన్నా చెల్లీ ముందు నడుస్తుంటే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపాను.

"నా కోసం దాచావు."

"దాచలా. నా కాడ లేదన్నా. లేదు గదా," అంది. నాలుగడుగులు వేశాక మళ్ళీ అంది. "నువ్వు చెప్పాలనుకుంటే నువ్వు చెప్పు. నీ తప్పు నా నోటితో చెప్పించబాక."

"నాన్నకు తెలిస్తే?"

"తెలిస్తే బాధపడతాడు. ఇప్పుడు నాకు తెలవదా ఏంది? నేను బతకట్లా?"

అప్పటి నుంచి ఐదు ఆదివారాలు గడిచాయి. ప్రతి ఆదివారం నాన్న ముందు, నాన్నతో పాటు అందరి ముందు చెప్పాలనే బయల్దేరతాను. ఏ మాటతో మొదలుపెట్టాలో ముందు రోజే డైరీలో రాసుకుంటాను. సాక్ష్యాల వేళ అయ్యగారు కళ్ళజోడు తీసి, "ఇంకెవరన్నా ఉన్నారా?" అని ఆడవాళ్ళ వైపు చూస్తారు. నేను చాప అల్లిక వైపు చూస్తూ ఉంటాను. అప్పుడు అమ్మ మోకాళ్ళు దగ్గరకు లాక్కుని, నేను లేవడానికి వీలుగా కొంచెం పక్కకు జరుగుతుంది.